అరవై దాటని రైళ్ళు

అమ్మ అస్థికలు గోదావరిలో కలపడానికి బయల్దేరిన రోజున ఖరగ్‌పూర్ స్టేషన్లో బల్ల మీద కూర్చున్నాను. రైలు ఎప్పటిలాగే ఆలస్యం. ఎర్రగుడ్డ కట్టిన ముంత ఒళ్ళో ఉంది. పైన మైకులో ఏదో రైలు గురించి చెబుతున్నారు, ముందు బెంగాలీలో, తర్వాత హిందీలో. ‘సోలహ్ బజ్‌కర్ ఉన్‌చాస్ మినట్ పర్’ అన్న మాట చెవిన పడగానే నా చూపుడువేలు నన్నడక్కుండానే మోకాలి మీద నాలుగు వేసి, పక్కన తొమ్మిది వేసి, ఆగింది. ఇంగ్లీషు వచ్చేదాకా ఆగింది. ‘ఫార్టీనైన్’ అని వినపడ్డాక లోపలెవరో సరిపోయిందన్నట్టు ‘కరకటే’ అన్నారు. అమ్మ గొంతే అది. శ్మశానంలో రాని ఏడుపు అప్పుడొచ్చింది, నలుగురూ చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా వచ్చింది. పక్కనున్న బెంగాలీ ఆవిడ ‘కాంద్‌బేన్ నా, దీదీ’, ఏడవకండక్కా అంటూ వీపు నిమిరింది. ఏడుస్తున్నది ముంత చూసి కాదనీ, లెక్కలు గుర్తొచ్చి అనీ ఆవిడకి ఏ భాషలో చెప్పను?

నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. మా క్వార్టర్లో గోడగడియారం ఒకటి ఉండేది గానీ దాని మొహం చూసేవారెవరూ లేరు. అన్నం వార్చడం, నీళ్ళు కాచడం, నన్ను బడికి తరమడం అన్నీ వర్క్‌షాపు సైరన్ చెప్పినట్టే జరిగేవి. సాయంత్రం నాన్న గుమ్మం ఎక్కకముందే ఇనుమూ నూనే కలిసిన వాసన లోపలికొచ్చేది. ఆయన చొక్కా మా బట్టల్లో కలవనివ్వకుండా అమ్మ వేరే బకెట్లో నానబెట్టి, కుంకుడు పిప్పి వేసి కుమ్మేది, ఎంత కుమ్మినా ఆ వాసన మాత్రం పోయేది కాదు. ముందు మామూలు జ్వరమన్నారు, తర్వాత కామెర్లన్నారు, ఆఖరికి మనిషే లేకుండా పోయాడు. సైరన్ మాత్రం ఆగలేదు. అది కూయగానే అమ్మ గబుక్కున లేచి వంటింట్లోకి వెళ్ళేది. గిన్నె చేత్తో పట్టుకున్నాక, ఎవరి కోసం లేచిందో గుర్తొచ్చి, అక్కడే నిలబడిపోయేది. ఆ సైరన్ని పీక నులిమి చంపాలనిపించేది నాకు.

దినానికని పలాస పక్క పల్లె నుంచి వచ్చిన నాయనమ్మ తిరిగి వెళ్ళలేదు. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతూ గుమ్మంలో కూర్చునేది. మాట అనాల్సొస్తే చుట్ట తీసి, అనేసి, మళ్ళీ నోట్లో పెట్టుకునేది. కాబట్టి ఆమె మాటలు ఎప్పుడూ పొట్టిగానే ఉండేవి. ‘రైలోడి కొంప రైలోడిదే. బేగి సర్దీయండి. జీడి బట్టీలో నీకూ నీ గుంటకీ పని దొరుకుతాది’ అనేది అమ్మతో. జీడి బట్టీ అంటే ఏమిటో నాయనమ్మ చేతులు చూస్తే తెలిసేది. జీడిగింజలు కొట్టీ కొట్టీ, ఆ జీడి అంటుకుని, వేళ్ళ చివర్లు నల్లగా కాలిపోయి ఉండేవి. నేనప్పుడు ఏడో తరగతి. ఆ వేళ్ళు చూసి నా వేళ్ళు చూసుకునేదాన్ని.

నాన్నతో పనిచేసిన అప్పలసామి మావయ్య ఆఫీసులో కనుక్కుని వచ్చి విషయం చెప్పాడు. నాన్న పోయినందుకు అమ్మకి చిన్న ఉద్యోగం ఇస్తారు. అయితే అమ్మ చదివింది చాలదు గనక రాతా, లెక్కలూ పరీక్ష పెడతారు. నెగ్గితే ఉద్యోగం వస్తుంది, క్వార్టరు నిలుస్తుంది. తప్పితే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. అంతే, మధ్యలో ఇంకో దారి లేదు. అమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఊళ్ళో వీధిబడిలో అయిదో తరగతి మొదలుపెట్టిన మనిషిని, గేదె ఈనింది, చూసేవాళ్ళు లేరని మధ్యలో మానిపించేశారు. ‘లెక్కలేటి, సామీ? ఉప్పూ పప్పూ నాను లెక్కెట్టే కొంతన్నానేటి? కొట్టోడు ఎంతంటే అంతే కదా’ అంది. నాయనమ్మ చుట్ట తీసింది. ‘సదువుకునే వయసులో గేదెల ఎనకాల తిరిగినావు, ఇప్పుడు ఎక్కాల ఎనకాల తిరుగు’ అని మళ్ళీ పెట్టుకుంది.

నేను మేష్టర్ని అయ్యాను. నా పాత పలక అటక మీంచి దించి, బడి నుంచి రాగానే అమ్మని కూర్చోబెట్టేదాన్ని. కూడికలు అమ్మకి ఇట్టే వచ్చాయి. తీసివేతల దగ్గర గొడవ మొదలైంది. పై అంకె చాలకపోతే పక్క అంకె దగ్గర అప్పు తెచ్చుకోవాలన్నాను. ‘తెచ్చింది ఎప్పుడు తిరిగిత్తాం?’ అంది అమ్మ. ఇవ్వక్కర్లేదన్నాను. ‘అలగెలాగే? పక్కోలకాడ అప్పు తెచ్చి ఎగ్గొట్టీసే లెక్క మీ బడిలో నేర్పుతున్నారా?’ అని నిజంగానే కోప్పడింది. నవ్వొచ్చింది నాకు, నాన్న పోయాక మొదటిసారి. పదమూడో ఎక్కం దగ్గర ఇద్దరికీ తల ప్రాణం తోకకొచ్చింది. అమ్మ పప్పు కడుగుతూ, పిడకలు చేరుస్తూ, పంపు దగ్గర బిందె పట్టుకుని పెదాలు కదిపేది. చూసిన వాళ్ళు పాపం మొగుడు పోయి మతి చలించిందనుకున్నారు. అనుకోనీ అంది అమ్మ.

మొదటి పరీక్ష రాసి ఇంటికొచ్చిన రోజున అమ్మ కాళ్ళు నేల మీద లేవు. ‘అన్నీ సేసినానే! ఒక్కటీ వదల్లేదు!’ అంటూ నాకు బెల్లం ముక్క పెట్టింది. ఆ సంబరం వారం కూడా నిలవలేదు. అప్పలసామి మావయ్య వచ్చి గుమ్మం బయటే చెప్పులతో నిలబడ్డాడు, లోపలికి రాలేదు. ‘అక్కా, తప్పిపోనావు’ అన్నాడు. అమ్మ నమ్మలేదు. గుమాస్తాని బతిమాలి కాగితం చూసొచ్చాడట మావయ్య. ‘నువ్వు కూడింది కరకటే. తీసింది కరకటే. అంకెలే కావు. ఆడు హిందీలో సెప్పినాడు కదా, పైంతీసూ ఉన్‌తీసూ కూడమన్నాడు. నువ్వేటి రాసినావు?’ అమ్మకి గుర్తుంది. యాభై మూడూ పదమూడూ రాసింది. అరవై ఆరు వేసింది. పైంతీస్ అంటే ముప్పై అయిదని మావయ్య చెబితే అమ్మ తెల్లబోయింది. అందులో ముందు అయిదు వినపడుతుంది, తర్వాత మూడు వినపడుతుంది. మన తెలుగులో పెద్దది ముందు చెబుతాం, చిన్నది తర్వాత చెబుతాం, అలాగే రాస్తాం. అమ్మ చెవికి ఎలా వినపడితే అలాగే వేసింది, ఉన్‌తీస్‌లోనూ ముందు ఒకటీ తర్వాత మూడూ వినపడి పదమూడు వేసింది. పోనీ అదొక్కటీ ఒప్పుకున్నా, ఉన్‌తీస్ ఇరవై తొమ్మిదంటే మటుకు ఒప్పుకోలేకపోయింది. ‘తీస్ అని సెవులారా వినపడతంటే ఇరవయ్యేటి, సామీ! ముప్పైకి ఒకటి తక్కువని ఎవడు పెట్టినాడీ పేరు? ఆడి సేతులిరగ!’ అని నెత్తి బాదుకుంది. నా పరిస్థితీ అంతే. హిందీ అంకెలు ఇరవై దాటితే గోవిందా. మా లైన్లో అందరూ తెలుగువాళ్ళే, బడి తెలుగుబడే, గోల్‌బజార్‌కి వెళ్ళినా వేళ్ళు చూపించి బేరమాడి వచ్చేవాళ్ళం.

ఇంకొక్క అవకాశం ఇస్తారన్నారు, ఎండాకాలం అయ్యాక. అదే ఆఖరు. హిందీవాళ్ళెవరినైనా అడిగి నేర్చుకుందామంటే అమ్మ ససేమిరా అంది. తప్పినదాన్నని ఊరంతా డప్పు కొట్టుకోమంటావా అంది. ఏం చెయ్యాలో తోచక ఇద్దరం కాలుగాలిన పిల్లుల్లా తిరిగాం. అలాంటి రోజుల్లో ఊరి నుంచి వచ్చే ఎవరికో అన్నం డబ్బా ఇవ్వడానికి స్టేషన్‌కి వెళ్ళి, రైలు రాక, అమ్మా నేనూ ఊరికే కూర్చున్నప్పుడు నా చెవిలో పడింది. రైలు వచ్చే టైము ముందు బెంగాలీలో, తర్వాత హిందీలో, ఆ తర్వాత ఇంగ్లీషులో. హిందీలో ఏదో ‘తాలీస్ మినట్’ అన్నది, కాసేపటికి ఇంగ్లీషులో ‘ఫార్టీఫైవ్’ అయింది. ఇంగ్లీషు అంకెలు నాకొచ్చు. ఇంగ్లీషువాడు కూడా మనలాగే పెద్దది ముందు చెబుతాడు. ప్రశ్నా అక్కడే ఉంది, జవాబూ అక్కడే ఉంది! అమ్మ చెయ్యి పట్టుకుని ఊపేశాను.

ఆ ఎండాకాలమంతా మాకు బడి ప్లాట్‌ఫారమే. మధ్యాహ్నం అన్నాలయ్యాక పలకా, తడిగుడ్డా తీసుకుని వెళ్ళి మైకు కింద కూర్చునేవాళ్ళం. అప్పట్లో ఎవరో ఒకావిడ మైకు ముందు కూర్చుని చదివేది, జలుబు చేస్తే తెలిసిపోయేది. హిందీ అయ్యీ అవకముందే అమ్మ అంకె వేసి, బలపం పైకెత్తి, మైకు వైపు మొహం పెట్టి కూర్చునేది. ఇంగ్లీషు వచ్చేదాకా అలాగే. సరిపోతే ‘కరకటే’ అనుకునేది, లేకపోతే తడిగుడ్డ పెట్టి పలకంతా తుడిచేసేది. రైలు ఆలస్యమైతే ఊరంతా తిట్టుకునేది, మేం మాత్రం సంబరపడేవాళ్ళం, ఆలస్యమైతే మళ్ళీ కొత్త టైము చెబుతారు మరి. మురమురాలు అమ్మే అతను రోజూ మమ్మల్ని చూసి చూసి ఒకనాడు ‘దీదీ, కోథాయ్ జాబేన్?’ అనడిగాడు, ఎక్కడికి వెళ్తారని. ‘కోథావో నా, దాదా’ అంది అమ్మ. ఎక్కడికీ కాదు. నిజానికి ఎక్కడికీ వెళ్ళకుండా ఉండటానికే అక్కడ కూర్చున్నాం.

అన్ని రోజులూ అలా సాగలేదు. ఉన్‌తాలీస్ అమ్మకి కొరుకుడు పడలేదు. చాలీస్ నలభై, దానికి ఒకటి తక్కువ ముప్పై తొమ్మిది అని నేను ఎన్నిసార్లు చెప్పినా నలభై ఒకటే వేసేది. ఒక సాయంత్రం ఇంట్లో అడిగితే మళ్ళీ అదే వేసింది. పలక పక్కన పడేసి, నా స్కేలు తెచ్చి నా చేతిలో పెట్టి, తన అరచెయ్యి చాపింది. ‘కొట్టే. మా మేష్టారు కొడితేనే నాకొచ్చేది. కొట్టు’ అంది. నేను కొట్టనన్నాను. ‘కొట్టకపోతే నాకు రాదు. నాకు రాకపోతే నువ్వు జీడి కొట్టుకోవాల!’ అని అరిచి, స్కేలు లాక్కుని తన చేతి మీద తనే కొట్టుకోవడం మొదలుపెట్టింది. గుమ్మంలోంచి నాయనమ్మ లేచొచ్చింది. స్కేలు లాగి వీధిలోకి విసిరేసింది. ‘నా కొడుకు ఒక్కనాడైనా నీ మీద సెయ్యేసినాడేటే? ఆడు కొట్టని సెయ్యి నువ్వెవత్తివే కొట్టడానికి?’ అంది. నోట్లో చుట్ట లేదు, ఎక్కడో పడిపోయింది. అత్తాకోడళ్ళు ఇద్దరూ ఆ గదిలో కింద కూలబడి నాన్న కోసం మొదటిసారి కలిసి ఏడ్చారు. నేను వీధిలోకి పోయి స్కేలు వెతికి తెచ్చాను.

పరీక్ష ఇంకో రెండు రోజులుందనగా అమ్మకి ఒక్కటీ తప్పలేదు. ఛియాలీస్, తిర్పన్, ఛప్పన్, ఉన్‌సఠ్, మైకావిడ అనడం ఆలస్యం, పలక మీద పడిపోయేవి. ‘సూసినావా!’ అని మురిసిపోతూ మురమురాలు కొనిపెట్టింది. అవి నములుతూ ఊరికే అడిగాను. ‘ఉన్‌సఠ్ తరవాతేటమ్మా?’ సాఠ్ అంది. ‘ఆ తరవాత?’ అమ్మ మైకు వైపు చూసింది. నేనూ చూశాను. అప్పుడు తెలిసింది మా బతుకెంత తెల్లారిందో. గంటకి అరవై నిమిషాలే. ఏ రైలూ అరవై ఒకటో నిమిషంలో రాదు. ఎండాకాలమంతా కూర్చున్నా, ఈ జన్మంతా కూర్చున్నా, ఆ మైకు మాకు అరవై తర్వాత అంకె చెప్పదు. అప్పలసామి మావయ్య దగ్గరకి పరిగెత్తితే ఆయన తల గోక్కుని, ‘అరవై దాటితే నానూ తెలుగేనమ్మా’ అన్నాడు. ఇంక పరువూ లేదు, గిరువూ లేదు, అమ్మ పంపు దగ్గర బిహారీ ఆవిడ కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది. పాపం ఆవిడ సాఠ్ నుంచి సౌ దాకా గడగడా చదివి వినిపించింది. వరసగా అయితే అమ్మకీ వచ్చేది, మధ్యలోంచి అడిగితే ఒక్కటీ వచ్చేది కాదు. నాయనమ్మ ట్రంకుపెట్టెకి తాళంచెవి వెతుకుతోంది.

పరీక్ష గదికి వరండా వైపు జాలీ కిటికీ ఉంది. నన్ను తరిమెయ్యలేదు గనక దానికే అతుక్కుని నిలబడ్డాను. లోపల అమ్మలాంటి వాళ్ళే కొందరున్నారు, తెల్లచీరలూ, బోడిమెడలూ. కళ్ళద్దాల ఆఫీసరు అంకెలు చెబుతున్నాడు. ఛియాలీస్, అమ్మ రాసింది. ఉన్‌తాలీస్, రాసింది. సరిగ్గా మూడు వేసి తొమ్మిది వెయ్యడం నాకు కనపడింది. తర్వాత ఆయన ‘ఉనహత్తర్’ అన్నాడు. అయిపోయాం అనుకున్నాను. జీడి వాసన నా ముక్కుకి కొట్టింది. అమ్మ రాయలేదు. పెన్సిలు పైకెత్తి, మొహం పైకెత్తి, సీలింగు వైపు చూస్తూ అలా ఉండిపోయింది, ప్లాట్‌ఫారం మీద కూర్చున్నట్టు. ఆఫీసరు కాసేపు చూసి ‘లిఖో, లిఖో’ అన్నాడు. అమ్మ కదల్లేదు. ‘క్యా హువా?’ అని విసుక్కున్నాడు. అమ్మ ఎంతో వినయంగా ‘సాబ్, అంగ్రేజీ అభీ నై ఆయా’ అంది. ఇంకా ఇంగ్లీషు రాలేదు సారూ, అని!

ప్యూను పకపకా నవ్వాడు. ఆఫీసరు నవ్వలేదు. ఈ మద్రాసీ మనిషికి బుర్ర తిరిగిందా అన్నట్టు చూశాడు. ఆయనకి ఏమర్థమైందో నాకు తెలియదు, ఎండకి అలిసిపోయి వదిలించుకుందామనే అనుకున్నాడో ఏమో. ‘సిక్స్‌టీ నైన్! సిక్స్‌టీ నైన్!’ అని గట్టిగా అన్నాడు. అమ్మ పెన్సిలు కాగితం మీదకి దిగింది. ఇంగ్లీషు పదులు ఇంట్లో నూరు దాకా నేర్పాను, అవి పాటలా ఉంటాయి, వాటికి ఏ గొడవా లేదు. అక్కణ్ణించి ఆయన ప్రతి అంకే ముందు హిందీలోనూ, వెంటనే ఇంగ్లీషులోనూ చెప్పుకుంటూ పోయాడు. నా వేళ్ళు జాలీలో ఇరుక్కుని ఎర్రగా కమిలిపోయాయని ఇంటికొచ్చాక నాయనమ్మ చెబితే గానీ తెలియలేదు. అమ్మ నెగ్గింది.

ఇప్పుడు ఖరగ్‌పూర్‌లోనే, మలంచాలో మా మేడ మీద గదిలో స్రవంతి అనే అమ్మాయి అద్దెకుంటోంది. కరీంనగర్ పిల్ల, ఇన్‌స్టిట్యూట్‌లో రీసెర్చి. ఆ పిల్ల చేసే లెక్కల్లో అంకెలే ఉండవు, అన్నీ అక్షరాలే, చూస్తే కళ్ళు తిరుగుతాయి. మొన్న మాటల్లో ఈ కథంతా చెబితే విరగబడి నవ్వింది. ‘నాకు గూడ రాదు ఆంటీ! డెబ్బై తొమ్మిదిని హిందీల ఏమంటరో ఇప్పటికి ఎరుక లేదు. ఆటో అన్న ఏదన్న అడిగితే ఫోన్ల కొట్టి చూపిస్త, అంతే’ అంది. నేనూ నవ్వాను. బంగారంలాంటి పిల్ల, దానిమీద నాకు కోపమెందుకు? అయినా ఒక్క క్షణం కడుపు మండింది. అదే తప్పు ఈ పిల్లకి నవ్వులాట, మాకు నెత్తి మీద కప్పు. ఏం మారిందని ఎవరైనా అడిగితే నాకింతకంటే చెప్పడం రాదు. అంకెలు అవే, వాటి వెనకటి భయం ఎవరిదన్నదే తేడా.

అమ్మ ఉద్యోగంలో చేరిన రోజు నాయనమ్మ పొద్దున్నే లేచి తనే వంట చేసింది, ఎన్నడూ లేనిది. నేను బడి నుంచి వచ్చి గుమ్మంలోనే కూర్చున్నాను. అంత పరీక్ష పెట్టినవాళ్ళు ఎలాంటి లెక్కలు చేయించారో వినాలని. సైరన్ కూసిన చాలాసేపటికి అమ్మ వచ్చింది. కొత్త చీర నడుం దాకా తడిసి ఉంది. చెప్పులు విప్పి, గోడకి ఆనుకుని, కాళ్ళు చాపుకుంది. ‘ఏటి పనమ్మా?’ అన్నాను. ‘నీల్లు. బయట పంపుకాడ పట్టుకొచ్చి, గదిగదికీ కుండల్లో పొయ్యాల’ అంది. లెక్కలేమైనా అడిగారా అన్నాను. లేదన్నట్టు తలూపింది. రిటైరయ్యేదాకా ఎవరూ అడగలేదు కూడా. నాయనమ్మ చుట్ట తీసి, కోడలి భుజం మీద బిందె ఒరుసుకున్న ఎర్రటి చారని చేత్తో తడిమింది.

‘ఎన్ని బిందెలు మోసినావే?’ అంది.

‘లెక్కెట్టలేదత్తా’ అంది అమ్మ.